కుండలో పడని గుండు

పద్మలతకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటుంది. అనేవాళ్ళకేం, నోరుంది, అంటారు. ఆ కోపం తెప్పించినవాళ్ళను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనరు. అందుకే ఈ సంగతి మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది.

శామీర్‌పేట దాటి లోపలి రోడ్డు పడితే జిల్లేడుకుంట వస్తుంది. ఆ కుంటలో చేపలు పట్టి బతికినవాళ్ళలో భిక్షం ఒకడు. అతనికి పద్మలత ఒక్కతే బిడ్డ. కొడుకు లేడని భార్య శివమ్మ కళ్ళు ఒత్తుకున్నప్పుడల్లా, "వల ఇసిరే చెయ్యి ఆడదో మగదో చేపకు ఎరుకైతదానే?" అని కసిరేవాడు. ఊరికే కసరడమే కాదు, పిల్లను వెంట తీసుకుపోయి విసురువల పట్టడం నేర్పాడు. ఆమె విసిరితే వల నీళ్ళ మీద పళ్ళెంలా గుండ్రంగా పరుచుకునేది. మగపిల్లలు చూసి కుళ్ళుకునేవాళ్ళు.

ఆ కుంటలో ఒక పద్ధతుంది. నీళ్ళ కింద రాయో, మునిగిన తుమ్మమొద్దో ఉండి వల చిరిగే చోటు, ఎంత విసిరినా చేప తగలని చోటు ఎవరి కంట పడితే వాళ్ళు అక్కడ ఒక కట్టె పాతి, పాతగుడ్డ కట్టి రావాలి. ఇక్కడ ఏమీ లేదని దానర్థం. కుంటలో చేపలు పట్టేవాళ్ళ సంఘంలో ఉన్నవాళ్ళు పాతిన కట్టెను పాతినవాళ్ళే తియ్యాలి, మరొకరు ముట్టకూడదు. బయటివాళ్ళు పాతితే అది ఉత్త పుల్ల, ఎవరైనా పీకి పారెయ్యొచ్చు.

"మనకెట్లనో దొరకలే," అని భిక్షం కట్టెకు గుడ్డ కడుతూ బిడ్డకు చెప్పేవాడు. "మనెనక వచ్చేటోడు గూడ రెక్కలు ఇరగ్గొట్టుకోవాల్నా? లేని కాడ లేదని చెప్పకపోతే గది దొంగతనమే బిడ్డా."

భిక్షం పోయాడు. పద్మలతకు మల్లేష్‌తో పెళ్ళయింది, అదే ఊళ్ళో ఉంది. తండ్రి చోటు తనకు వస్తుందనుకుంది. అయితే ఆ కుంట సంఘంలో ఖాళీ అయిన చోటు కోసం కుండ తీస్తారు. చేరదలచుకున్నవాళ్ళు తమ ఇంటి వలకు కట్టే సీసపు గుండు ఒకటి, ఇంటి గుర్తు గీసి, సంఘం పెద్ద వీరభద్రం చేతికి ఇవ్వాలి. ఆయన అన్నీ కుండలో వేస్తాడు. మృగశిర కార్తె మొదట్లో వచ్చే మిరుగం పండుగ వెళ్ళిన మర్నాడు ఊళ్ళో అందరికంటే పెద్దదైన రుక్కమ్మ అవ్వ కళ్ళు మూసుకుని అందులోంచి ఒక గుండు తీస్తుంది. ఎవరి గుర్తు వస్తే వాళ్ళు సంఘంలో చేరినట్టు. వాళ్ళకే కుంటలో వల వేసే హక్కు.

ఏటా ఏదో ఒక చోటు ఖాళీ అయ్యేది. ఏటా పద్మలత తండ్రి వల నుంచి ఒక గుండు ఊడదీసి, దాని మీది రెండు గీతల గుర్తు తుడిచి చూసుకుని, వీరభద్రానికి ఇచ్చేది. ఏటా ఇంకెవరిదో వచ్చేది.

"నసీబు బిడ్డా," అనేవాడు వీరభద్రం, తల నిమిరినంత మెత్తగా. "ఓపిక పట్టు. వచ్చే మిరుగానికి తప్పక వస్తది."

ఆ మాట నమ్మింది పద్మలత. ఎవరి మీద కోపం రావాలో తెలియక తన తలరాత మీదే కోపం తెచ్చుకుంది. అత్వెల్లి దగ్గర డబ్బాల మూతలు తయారుచేసే కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. ఆదివారాలు, తండ్రి ఈది తిరిగిన కుంట చేపలనే సంఘంవాళ్ళ దగ్గర కొని, రోడ్డు పక్కన కూర్చుని అమ్మేది. ఇంతకన్నా కడుపుమంట ఏముంటుంది చెప్పండి.

ఆ మంట మరిచిపోవడానికి దొరికిందే ఫోన్‌లో ఆట. కంపెనీ బస్సులో పక్కన కూర్చునే సరళ నేర్పింది. రాక్షసజీవాలను పట్టి పోగేసే ఆట అది. పద్మలతకు సరిగ్గా సరిపోయింది, పట్టడమంటే ఆమెకు పుట్టుకతో వచ్చిన పని. ఆ జీవాలకు మామూలుగా ఒక రంగు ఉంటుంది. వేలల్లో ఒకసారి మాత్రం అదే జీవి వేరే రంగులో మెరుస్తూ ఎదురొస్తుంది. దాన్ని షైనీ అంటారు. అది చేతికి చిక్కిందంటే బస్సు బస్సంతా తొంగి చూడాల్సిందే.

గిల్లోరా అని ఒక జీవి ఉంది. మీసాలున్న పెద్ద చేప. వాలుగకు రెక్కలు మొలిచినట్టుంటుంది. ఆటలో చివరి చెరువు దగ్గర ఒక్కసారే కనబడుతుంది, బూడిద రంగులో. పద్మలతకు దాని షైనీయే కావాలి. చెరువు దగ్గరికి వెళ్ళేముందు ఆటను అక్కడికి సేవ్ చేసుకుని, వెళ్ళి చూసి, బూడిదదైతే ఆట మూసేసి, మళ్ళీ సేవ్ చేసిన చోటి నుంచి వెళ్ళేది. బస్సు ఎక్కింది మొదలు దిగేదాకా అదే పని. ఎండాకాలమంతా అట్లాగే గడిచింది.

"ఇగ ఇడిసిపెట్టరాదే," అనేది సరళ.

"చెరువంటూ ఉన్నంక చేప ఉండకపోతదా? పట్టెటోనికి ఓపికుండాలె," అనేది పద్మలత. చెరువు మీద బతికినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది.

మిరుగం మర్నాడు, అంటే కుండ తీసేరోజు, మొదటి షిఫ్టు దిగి బస్సులో ఇంటికి వస్తూ మళ్ళీ అదే పనిలో ఉంది. వెనక సీట్లోంచి హర్ష వంగి చూశాడు. కంపెనీలో కొత్తగా చేరిన ట్రైనీ, ఆ ఆట అంటే ప్రాణం పెట్టేవాడు.

"అక్కా, గిల్లోరా షైనీ కోసమా? అది రాదక్కా. లాక్ జేసిండ్రు."

"లాక్ ఏంది?"

"ఆట జేసినోళ్ళే ఆపి పెట్టిండ్రు. నువ్వు ఎన్నిసార్లు పోయినా బూడిదదే వస్తది. ఎప్పుడన్న పండుగకు వాళ్ళే స్పెషల్‌గ ఇచ్చుకుంటరు. ముందుగాలనే అందరికి దొరికితే దాని కదర్ పోతది గదా."

పద్మలత ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "మరి గా మాట ఆటల ఎక్కడన్న రాసిండ్రా?"

"రాయరక్కా. ఆడేటోళ్ళే ఆట లోపలి కోడ్ విప్పి చూసి కనిపెట్టిండ్రు."

"అంటే వేలల్ల ఒకసారి వస్తదనుకోని నేను ఇన్ని దినాలు తండ్లాడుతుంటే, అసలుకే లేదా?"

"లేదక్కా. సున్నా."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. ఇయ్యకపోతే ఇయ్యకపోయిరి. అది వాళ్ళ ఆట, వాళ్ళ ఇష్టం. లేదని ఒక్కముక్క రాస్తే వాళ్ళ సొమ్మేం పోయేది? ఆకు వేసి కూర్చోబెట్టి, వడ్డన వస్తోంది వస్తోందని ఊరించి, వండనే లేదని చెప్పని ఇల్లు ఇంకోటి ఉంటుందా లోకంలో? నోటికొచ్చినట్టు తిట్టింది. డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. ఒక్క కట్టె పాతలేకపోయారా దొంగముండాకొడుకులు, అని గట్టిగా అనేసి, ఆ మాట దగ్గరే ఠక్కున ఆగిపోయింది.

ఓపిక పట్టు, తప్పక వస్తది. ఆ మాట తనకు ఆటవాళ్ళు చెప్పలేదు. చెప్పిందెవరు?

బస్సు దిగి ఇంటికి పోలేదు. చెప్పులు టపటపలాడిస్తూ నేరుగా సంఘం గదికి పోయింది. గది ముందు అరుగు మీద కుండ పెట్టారు. మగవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. రుక్కమ్మ అవ్వ కుండలో చెయ్యి పెట్టబోతోంది.

"అవ్వా, ఆగు," అంది పద్మలత. అవ్వ ఆగింది. పద్మలత కుండ ఎత్తి అరుగు మీద బోర్లించింది.

సీసపు గుండ్లు దొర్లాయి. చేప గుర్తుది, చుక్కలది, అడ్డగీతది. ఒక్కొక్కటీ తిప్పి చూసింది. రెండు గీతలది లేదు.

"నాయిన గుండు ఏది కాకా?"

వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. "నిమ్మళంగ కూసో బిడ్డా, చెప్త..."

ఆమె కూర్చోలేదు. ఆయన చూపు గది కిటికీ వైపు పోవడం కనిపెట్టింది. గదిలోకి పోయి కిటికీ పక్క గూడు తడిమింది. అగరుబత్తీల పొట్లం వెనక, దుమ్ములో ఉన్నాయి రెండు గీతల గుండ్లు. ఈ ఏటిది. నిరుటిది. ఆ ముందటివి. ఒక్కటీ కుండ మొహం చూడలేదు. గుప్పిట నిండా తెచ్చి అందరి ముందూ అరుగు మీద పోసింది.

"ఆడోళ్ళను చేర్చుకునే రివాజు లేదు," అన్నాడు వీరభద్రం నేల చూస్తూ. "మొఖం మీద చెప్తే నువ్వు బాధ పడ్తవని..."

"బాధ పడ్తనని? ఏటేటా నా నసీబును నేను తిట్టుకుంటుంటే నీకు కమ్మగ ఉండెనా? చోటు ఇయ్యం పో అని చెప్తే కొట్లాడుదును, కోర్టుకు పోదును. గా మోకా గూడ లేకుండ జేసినవు గదా! అవ్వ చెయ్యి కుండల పెట్టనీకి పనికొస్తది, నా గుండు కుండల పడనీకి పనికిరాదా?"

పద్మలత గుండు లేని కుండలోనే ఇన్నేళ్ళు తన చేత చెయ్యి పెట్టించారని అప్పుడే తెలిసిన రుక్కమ్మ అవ్వ, చెయ్యి కొంగుతో తుడుచుకుంది.

పద్మలత పక్క కంచెలోంచి ఒక కట్టె లాగింది. రాయితో కొట్టి సంఘం గది గుమ్మం ఎదుటే పాతింది. తలకు కట్టుకున్న కంపెనీ గుడ్డ విప్పి దానికి ముడివేసింది.

"ఈడ ఏం లేదు. ఇంకో ఆడిబిడ్డ ఎవ్వతీ వచ్చి రెక్కలు ఇరగ్గొట్టుకోవద్దు," అంది.

వీరభద్రం మొహం కందగడ్డయింది. "పీకుండ్రా దాన్ని," అని అరిచాడు. ఇద్దరు లేచారు. కట్టె దాకా వచ్చి, దాని గుడ్డను చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నిలబడిపోయారు. చిన్నప్పటి నుంచి అటువంటి కట్టెను చూస్తే చెయ్యి వెనక్కి తీసుకోవడమే వాళ్ళకు అలవాటు.

"పీకుండ్రి, ఏమాయె?" అంది రుక్కమ్మ అవ్వ అరుగు మీంచి. "బయటిది పాతితే ఉత్త పుల్లనే గదా. ముట్టనీకి చెయ్యి రాలేదంటే మరి గా పిల్ల ఎవరురా?"

ఎవరూ పీకలేదు. ఆ సాయంత్రం కుండ తియ్యలేదు. కట్టె ఇప్పటికీ గుమ్మం ముందే ఉంది. వీరభద్రంతో సహా సంఘంవాళ్ళంతా దాన్ని తప్పుకుని పక్కనుంచి లోపలికి పోతున్నారు. పద్మలత ఆదివారం చేపలు కొనడానికి వాళ్ళ దగ్గరికి పోవడం మానేసింది. తండ్రి విసురువల భుజాన వేసుకుని తనే కుంటలోకి దిగుతోంది. దిగవద్దని చెప్పడానికి ఆమె ఎదుటికి ఇంతవరకు ఒక్కడూ రాలేదు.