మూడు బెజ్జాల పిల్లంగోవి

హట్టి బంగారు గనిలో రాయిని నూరే మిల్లు చప్పుడును ఓడించిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది అతనే. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండాకాలంలో, పట్టపగలు, జానెడు కూడా లేని రేకు ముక్కతో దాన్ని ఓడించాను. ఆ వేళ మిల్లు నోరు మూసుకుందనీ, లింగసూగూరు బస్సెక్కబోతున్న జనం మెట్టు మీద కాలు పెట్టి అట్లాగే నిలబడిపోయారనీ ఇప్పటికి చాలామందికి చెప్పాను. ఇందులో రేకు ఎంతో, పైన పూసిన తగరం ఎంతో పోనుపోను మీకే తెలుస్తుంది.

నాది రేకు పని. హట్టి బస్టాండు పక్కనే దుకాణం. గరాటలు, జల్లెడలు, బియ్యం డబ్బాలు, దీపం బుడ్లు ఎన్ని చేశానో నాకే తెలియదు. కానీ నన్ను ఈ పనిలోకి లాగినవి ఇవేవీ కావు, పిల్లంగోవులు. జాతరల కాలం వస్తే మా ఉస్తాద్ గరాటలన్నీ పక్కన పెట్టి రేకు పిల్లంగోవులు చేసేవాడు. ఆయన దగ్గర పనికి కుదిరింది వాటి కోసమే.

మురళి వేరు, ఇది వేరు. వెదురు మురళిని అడ్డంగా పట్టుకుని ఊదాలి. ఊదడం మనిషి నేర్చుకోవాలి. రేకు పిల్లంగోవిని నిలువుగా నోట్లో పెట్టుకుంటే చాలు, ఊదే విద్యంతా చేసినవాడే లోపల పెట్టి ఉంటాడు. మూతిలో చెక్క బిరడా ఒకటి బిగిస్తాం, దాన్ని ప్లగ్గు అంటాం. ప్లగ్గుకూ రేకుకూ నడుమ కాగితమంత సందు. ఊపిరి ఆ సందులోంచి పల్చగా వెళ్లి, ఎదురుగా కోసిన చిన్న కిటికీ అంచుకు తగిలి రెండుగా చీలుతుంది. ఆ చీలడంలోనే పాట పుడుతుంది. సందు కొంచెం పెద్దదైతే ఊపిరంతా తాగేస్తుంది. చిన్నదైతే గొంతు పీలగా వస్తుంది. కిటికీ అంచు మొద్దుబారిందా, ఇక అది పిల్లంగోవి కాదు, జలుబు చేసిన పిల్లల ముక్కు.

ఉస్తాద్ రేకును ఇనప కడ్డీ చుట్టూ చుట్టి సోల్డర్ చేస్తే, అంటే సీసమూ తగరమూ కరిగించి అతికితే, ఆ అతుకు గోటికి కూడా దొరికేది కాదు. కిటికీని ఉలితో ఒకే దెబ్బకు కోసేవాడు. ఆకురాయి పెట్టనిచ్చేవాడు కాదు. "ఆకురాయి పెడితే గొంతుల ఇసుక పడ్తది బేటా" అనేవాడు. జాతరలో పిల్లలంతా ఒక్కసారే ఊదుతుంటే, కళ్లు మూసుకుని "ఇది ముద్గల్ వానిది, ఇది నాది" అని గొంతును బట్టి చెప్పేవాడు. నేనూ చెప్పగలను. సరే, నేను చేసినవి మాత్రమే చెప్పగలను. ఎందుకంటే మొదట్లో నావి అన్నీ బుసకొట్టేవి.

నూనె డబ్బాల రేకే మాకు సరుకు. ఇప్పుడు నూనె ప్లాస్టిక్ క్యాన్లలో వస్తోంది. మంచి రేకు డబ్బా కంటపడితే పాత చుట్టం కనబడినట్టుంటుంది. జాతరలో ప్లాస్టిక్ పీపీలు రాశిపోసి అమ్ముతారు. రాశి మొత్తానికీ ఒకటే గొంతు. మా కాలంలో ఒకే చేత్తో చేసిన రెండు పిల్లంగోవులు కూడా అన్నదమ్ముల్లా ఉండేవి గానీ ఒక్కలా ఉండేవి కావు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ ఏడాది ఒకనాడు పొద్దున భీమయ్య కర్ర పొడుచుకుంటూ నా దుకాణానికి వచ్చాడు. గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. ఒకప్పుడు లారీ టైరు ఒంటి చేత్తో లేపుతుంటే నేను చూశాను. కరోనా ఆయన్ని వదిలిపెట్టింది కానీ, పోతూ పోతూ ఊపిరిలో సగం పట్టుకుపోయింది. స్టూలు మీద కూర్చుని, మాట బయటికి వచ్చేదాకా కాసేపు ఆగి, జేబులోంచి పాత పిల్లంగోవి ఒకటి తీశాడు. ఉస్తాద్ చేతిది. వేళ్లు పడే చోట రేకు నల్లగా నిగనిగలాడుతోంది.

"ఈరన్నా, ఇది ఖరాబైంది. సప్పుడు జేస్తలేదు. జర చూడు."

అలవాటు ప్రకారం ఆలోచించకుండా నోట్లో పెట్టుకుని ఊదాను. బస్టాండంతా మోగింది. హోటలువాడు తల తిప్పి చూశాడు. భీమయ్య నా వైపు చూడలేదు, పిల్లంగోవి వైపే చూశాడు.

"అంటె పీపీ మంచిగనే ఉంది" అన్నాడు.

"లేదన్నా, లోపల దుమ్ము ఉండె. ఊదంగనే పోయింది."

"ఇంత పెద్ద కోతలు కోస్తవ్, ఒక్క సిన్న అబద్ధం సక్కగ జెప్పరాదా నీకు?"

ఇద్దరం నవ్వబోయాం. ఆయన నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక మెల్లగా చెప్పుకొచ్చాడు.

ఆయన ఇల్లు క్వార్టర్సులో కాదు. మిల్లు గోడకు దగ్గరగా సొంతంగా వేసుకున్న రెండు గదులు. ఉద్యోగం చేసినన్నాళ్లూ షిఫ్టు దిగి వస్తూ, వీధి మూల దగ్గర ఆగి, పిల్లంగోవి తీసి వాళ్లమ్మ నాట్లప్పుడు పాడిన పాట ఒక వరుస ఊదేవాడు. అది విని భార్య తాయమ్మ పెనం మీద జొన్న రొట్టె వేసేది. ఆయన కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి రొట్టె పొంగుతుండేది. పొద్దుటి షిఫ్టయినా, మధ్యాహ్నం షిఫ్టయినా అదే వరస. ఇంట్లో అంతకుమించిన సరసం లేదు, అంతకుమించి అక్కర్లేదు కూడా.

"మరి ఇప్పుడేంది?" అన్నాను.

"ఇప్పుడు మంచం కాడికే తెస్తది. మెత్తటన్నం, చారు. గడప దాటితె ఎంబడే వస్తది, పిలగాన్ని బడికి తోలినట్టు. నీ దుకాణానికంటెనే ఒక్కన్ని ఇడిచిపెడ్తది. నా ఇంట్ల నేను రోగినైన ఈరన్నా. ఒక్కపారి, ఒక్కటే పారి, డ్యూటీ దిగొచ్చినట్టు ఇంటికి పోవాలె. మూలకాడ ఊదాలె. పొయ్యేసరికి పెనం మీద రొట్టె ఉండాలె. అంతే."

అంతే అన్నాడు గానీ, అది ఎంతో నాకు తెలుసు. చేసి ఇస్తానని మాటిచ్చాను. ఆయన ఊపిరికి పలికే పిల్లంగోవి హట్టిలో నేను తప్ప ఎవరూ చేయలేరని కూడా అన్నాను. హట్టిలో పిల్లంగోవులు చేసేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి అది అబద్ధం కాదు.

మొదట ఉస్తాద్ కొలతలోనే ఒకటి చేసి, సందు బాగా సన్నం చేశాను. నేను ఊదితే బ్రహ్మాండంగా పలికింది. భీమయ్య ఊదితే ఉత్త గాలి. అప్పుడు తెలిసింది నా తప్పు. చేసిన ప్రతిదాన్నీ నా ఊపిరితోనే పరీక్షిస్తున్నాను. బలమున్నవాడు ఊదితే గొట్టం కూడా పాడుతుంది. నాకు కావలసింది లేని ఊపిరి. అది ఎక్కడ దొరుకుతుంది?

పరుగెత్తాను. నీళ్ల ట్యాంకు దాకా ఉరికి, వెనక్కి ఉరికి, ఎగపోస్తూ వచ్చి ఊదేవాణ్ని. పలక్కపోతే ప్లగ్గును గాజుపెంకుతో ఒక్క పొర గీకి మళ్లీ పరుగు. హోటలువాడు, "ఏందిరా, ఈరన్నకు కుక్క ఎంబడి పడ్డదా?" అని అరిచాడు. డెబ్బై దాటిన మనిషి ట్యాంకు దాకా ఉరికాడా అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. మొదటిసారి సగం దూరం ఉరికాను. ఆ తర్వాత నడిచాను. నాకు నడిచినా ఎగపోస్తుంది.

అట్లా సందు సరిచేసి, కిటికీని పొట్టి చేస్తే భీమయ్య ఊపిరికి పలికింది. కానీ పిల్లి మూలిగినట్టు పలికింది. ఆయన విని, "గిది తాయమ్మ చెవిల బోయి ఊదాలె" అన్నాడు. నిజమే. తక్కువ ఊపిరి తాగేది తక్కువే అరుస్తుంది. వీధి మూలకూ వంటింటికీ నడుమ మిల్లు చప్పుడు గోడలా నిలబడి ఉంది. ఊపిరి పెంచలేను, మిల్లును ఆపలేను.

రెండు రోజులు ఏమీ తోచలేదు. మూడోనాడు దుకాణం రేకు మీద పిట్ట ఒకటి కూసింది. పిడికిలిలో పట్టేంత పిట్ట. లారీ హారన్ల మీదుగా దాని కూత వినబడింది. దానికి ఊపిరి ఎంతుంటుంది? పొట్టి గొట్టానికి గొంతు సన్నం. సన్న గొంతు రొద మీద తేలుతుంది. వెంటనే గొట్టాన్ని సగానికి కోశాను. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. అంత పొట్టి గొట్టం మీద ఆరు బెజ్జాలు పక్కపక్కనే పడతాయి. భీమయ్య వేళ్లు డ్రిల్లు పట్టిన వేళ్లు, ఒక్కోటి రెండు బెజ్జాలను మూస్తుంది. పైగా ఒక చేతిలో కర్ర.

"అన్నా, పాత దాని మీద నీ పాట ఉత్తగ వేళ్లాడించు, ఊదకు" అన్నాను. ఆడించాడు. నేను పాట వినలేదు, వేళ్లు చూశాను. ఆ పాటంతటికీ కదిలేవి మూడే వేళ్లు.

మూడు బెజ్జాలు చాలు! ముందు రెండు, బొటనవేలికి వెనక ఒకటి. మిగిలిన వేళ్లు కింద పట్టుకోవడానికి. ఒక చేత్తో పిల్లంగోవి, ఒక చేత్తో కర్ర. దాని మీద ఇంకే పాటా పలకదు. జాతరలో పెడితే ఎవడూ కొనడు. కానీ ఆ ఒక్క పాటకు, ఆ ఒక్క ఊపిరికి, ఆ ఒక్క చేతికి సరిపోయింది. కిటికీని ఉలితో ఒకే దెబ్బకు కోశాను. ఇందులో కోత లేదు, నిజంగానే ఒకే దెబ్బ. ఉస్తాద్ ఉంటే అరచేతిలో తిప్పి చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేవాడు. ఆయన మెచ్చుకోలు అంతే.

నాలుగు రోజులు దుకాణం వెనక సాధన చేశాడు. ఐదోనాడు మధ్యాహ్నం, పొద్దుటి షిఫ్టు దిగే వేళకు నేను వాళ్లింటికి వెళ్లి, "వదినా, అన్నను టీకి తోలుకపోతున్న" అన్నాను. తాయమ్మ మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసి, "తోలుకపో. మళ్ల తోలుకరా" అంది.

మూల దగ్గర ఆగాం. మిల్లు గుర్రుమంటోంది. భీమయ్య చొక్కా సరిచేసుకున్నాడు. ఊదాడు. సగం వరుసలో ఊపిరి తెగిపోయింది. గోడకు ఆనుకుని, ఎటో చూస్తూ, "పోదాం పా. చాలు" అన్నాడు.

"డ్యూటీ మధ్యల ఇంటికి పోతరా ఎవరన్న? మేస్త్రీ చూస్తె ఏమంటడు?"

చిరాకుగా చూశాడు. కానీ ఆ చిరాకులో పాత భీమయ్య కనబడ్డాడు. కాసేపు ఊపిరి కూడబెట్టుకుని మళ్లీ పెదవులకు ఆనించాడు. ఈసారి వరుస మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా తెగకుండా వచ్చింది. సన్నగా, వణుకుతూ, పిట్ట కూసినట్టు. మిల్లు దాటిందో లేదో పక్కనున్న నాకు తెలియలేదు.

నడిచాం. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల తాయమ్మ పీట మీద రొట్టె తడుతోంది. పెనం మీద ఒకటి అప్పుడే పొంగుతోంది. మంచం కాడ కాదు, పాత చోటనే నేల మీద పళ్లెం, పుంటికూర, చెంబుతో నీళ్లు. తాయమ్మ తల కూడా ఎత్తలేదు.

"ఏంది, ఇయ్యాల డ్యూటీ లేటయిందా?"

"లేటయింది" అన్నాడు భీమయ్య, కాళ్లు కడుక్కుంటూ. కూర్చుని రొట్టె విరిచాడు. నేను అక్కడ నిలబడలేక, దుకాణం తెరిచిపెట్టి వచ్చానని చెప్పి బయటపడ్డాను.

ఇక తగరం గీకేస్తాను. మిల్లు ఆగలేదు. బస్సెక్కేవాళ్లు ఎక్కారు, బస్సు పోయింది. హట్టిలో ఎవరూ ఏమీ వినలేదు. విన్నది తాయమ్మ ఒక్కతే. అయినా అంత మిల్లు చప్పుడును దాటి నా పిల్లంగోవి ఒక్క మనిషి చెవిలో పడిందంటే ఓడించినట్టు కాదా? ఇన్నేళ్ల పనిలో నాకు ఇది నేర్పిన పాఠం ఒకటే: పనివాడు వస్తువును ఊరందరి కోసం చేయకూడదు, ఒక్క మనిషి ఊపిరి కోసం, ఒక్క మనిషి చెవి కోసం చేయాలి.

ఇక్కడ ముగిద్దామనుకున్నాను. పత్రికకు పంపేముందు ఒకసారి తాయమ్మకు చదివి వినిపించాను. భీమయ్య లోపల కునుకు తీస్తున్నాడు. ఆమె జొన్నలు చెరుగుతూ అంతా విని, చేట కింద పెట్టింది.

"నాకు ఇనరాలే" అంది.

"ఏంది వదినా?"

"నీ పీపీ. నాకు ఇనరాలే. నీదే కాదు, పాతది సుత ఎన్నడు ఇనరాలే. గా మిల్లు సప్పుడుల పక్క గదిల మనిషి పిలిస్తెనే ఇనరాదు, మూలకాడ పీపీ ఇనొస్తదా?"

"మరి ఇన్నేండ్లు రొట్టె?"

"సైరన్ కొట్టంగనే వంటింటి కిటికీకాడ నిలబడుతుంటి. మూల కనబడతది. ఆయన ఆగి పీపీ నోట్లె పెట్టుకుంటె, నేను పెనం పెడుతుంటి. ఆరోజు సుత గంతే. మీరిద్దరు దొంగల్లెక్క పోతె నాకు తెల్వదా? మొదట ఊదలేక గోడకు ఒరిగిండు, అది సుత చూసిన."

నేను కాగితాలు మడుచుకోబోయాను.

"ఆయనకు సదువు రాదు. నువ్వు సదివి ఇనిపియ్యకు" అని ఆమె మళ్లీ చేట అందుకుంది. "మిల్లును ఓడించిండట! కొట్టేసి సక్కగ రాయి. మిల్లే గెలిచింది. రొట్టె నేను పెట్టిన."