బాబాయి సుద్దగీత

సబ్బుల ఫ్యాక్టరీలో వాల్వులు బాగుచేసే బాబాయికి ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా కళ్ళతో చూసి, చేత్తో ముట్టుకుంటే గానీ నమ్మడు. అందరూ ఆయన్ని అనుమానం బాబాయి అంటారు. ఆ సంగతి కూడా నలుగురిని అడిగి ఖాయం చేసుకున్నాడు.

ఇంట్లో పిన్ని "తాళం వేశానండీ" అంటే సగం దారిలోంచి వెనక్కొచ్చి లాగి చూస్తాడు. వేరే ఊళ్ళో ఉండే కూతురు "చేరాను నాన్నా" అని ఫోన్ చేస్తే, "ఏదీ, మీ ఇంటి ఓనరమ్మకివ్వు" అంటాడు. పళ్ళ డాక్టరు పీకిన పన్ను చేతిలో పెట్టినా, అద్దంలో ఖాళీ చూసుకున్నాకే కుర్చీ దిగాడు.

కంట్రోల్ రూములో కొత్తగా చేరిన అమ్మాయికి మొదట్లో ఆయనంటే విసుగు.

"వాల్వు మూసుకుందని బోర్డు మీద దీపం వెలిగింది కదా బాబాయ్. మళ్ళీ వెళ్ళి చూడ్డం దేనికి?"

"దీపం మోటారు మాట చెబుతుంది తల్లీ. వాల్వు సంగతి వాల్వునే అడగొద్దూ?"

అడగడానికి ఆయన జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. పైన వాల్వుని తిప్పే మోటారు ఇరుసునీ కింద వాల్వు కాడనీ కలుపుతూ రోజూ పొద్దున్నే నిలువుగా ఒక గీత గీస్తాడు. రెండూ కలిసి తిరిగినంతకాలం గీత చెదరదు. ముసలాయనకి మళ్ళీ బడికెళ్ళాలనిపిస్తోందని ఫ్యాక్టరీ అంతా నవ్వుకునేది.

ఒక మధ్యాహ్నం తొట్టి పొంగి, వేడి సబ్బు గది నిండా పారింది. బోర్డు మీద మాత్రం తొట్టిలోకి సబ్బు వదిలే వాల్వు మూసుకున్నట్టే దీపం వెలుగుతోంది. మేనేజరు పరుగున వచ్చాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

"మూసే బటన్ పొంగాక నొక్కావు. అంతేగా?"

"లేద్సార్, టైముకే నొక్కాను."

"దీపం అబద్ధం చెప్పదమ్మా. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

అమ్మాయి ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా పది రోజులున్నాయి. అంతలో అక్కడికొచ్చిన బాబాయి పుండు మీద కారం చల్లాడు.

"వట్టి మాటలు నేనూ నమ్మను సార్. పదండి, చూద్దాం."

తొట్టి దగ్గర గీత రెండు ముక్కలై ఉంది. పై సగం పక్కకి తిరిగిపోయింది. కింది సగం పొద్దున గీసిన చోటే ఉంది.

"మోటారు తిరిగింది. మధ్యలో బిగింపు జారి వాల్వు కదల్లేదు, తెరిచినట్టే ఉండిపోయింది. ముట్టుకుని చూడండి సార్."

మేనేజరు ముట్టుకున్నాడు. వేళ్ళకంటిన సుద్ద చాలాసేపు దులుపుకున్నాడు. "రేపు టైముకి రామ్మా" అని గొణిగి వెళ్ళిపోయాడు.

"మీరూ నమ్మలేదు కదా బాబాయ్" అంది అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ.

"ఎవరన్నారు? నువ్వు నొక్కానన్నావు, నాకది చాలు. ఆయనకి చాలదుగా. మీలో ఎవరూ ఊరికే మాట పడకూడదనే కదా ఈ గీతలు. సరే, ఇంటికెళ్ళి ఫోన్ చెయ్."

సాయంత్రం ఫోన్ చేసింది. "చేరాను బాబాయ్. ఉండండి, అమ్మకిస్తున్నా."

"ఎందుకమ్మా? నువ్వు చెప్పావుగా."

బాబాయి వెనకనుంచి పిన్ని గొంతు వినిపించింది. "ముప్ఫై ఏళ్ళుగా తాళం వేశానని నేనూ చెబుతున్నాను."