నాలుగు వేళ్ల ఎత్తు

బోధన్‌లో మేముండే గల్లీలోకి నా చిన్నప్పుడు వచ్చే కారు ఒక్కటే. అది మా బాపు నడిపే పాత అంబాసిడర్. నిజామాబాదుకూ, రెంజల్ వైపు ఊళ్లకూ కిరాయికి తిప్పేవాడు. పెళ్లివాళ్లు, దవాఖానకు పోయే రోగులు, మార్కెట్టులో పసుపు అమ్ముకొని వచ్చే రైతులు, అందరూ అందులో ఎక్కినవాళ్లే. నాకప్పుడు పదేళ్లు. ఆ కారు మాదని చెప్పుకోవడానికి సందు దొరికితే చాలు, వదిలేదాన్ని కాదు.

మా పక్కింటి అక్కకు అప్పుడు పద్దెనిమిదేళ్లు ఉంటాయి. పసితనంలో పోలియో వచ్చి ఆమె రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. కింద నాలుగు చిన్న ఇనుప చక్రాలు బిగించిన పీట మీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ ఇంట్లోనూ వాకిట్లోనూ తిరిగేది. తండ్రి లేడు. తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడిపేది. అక్క కూడా చుట్టేది, కానీ ఆమె మనసు టైపు మిషన్ మీద ఉండేది. గల్లీ చివర టైపు నేర్పే పంతులు ఒక పాత మిషన్‌ను వాళ్లింటికే పంపించి, వారానికోసారి వచ్చి పాఠం చెప్పి పోయేవాడు. పొద్దంతా ఆ ఇంట్లోంచి టకటక చప్పుడు వినపడుతుంటే వాన పడుతున్నట్టుండేది. పరీక్ష పాసయితే ఎక్కడో ఒక చోట కూర్చుని చేసే పని దొరుకుతుందని ఆమె ఆశ. ఆ పరీక్ష నిజామాబాదులో రాయాలి.

ఆ ముందటేడు ఒకసారి బస్సులో తీసుకుపోయారు. అంత పెద్ద పిల్లను తల్లి ఒక్కతే ఎత్తలేకపోయింది. బస్టాండులో కండక్టరు ఒక పక్క, ఎవరో దారిన పోయే మనిషి ఇంకో పక్క పట్టుకుని పైకి లేపారు. ఆ పెనుగులాటలో ఆమె ఓణీ జారిపోయింది. చేతులు రెండూ వాళ్ల పట్టులో ఉన్నాయి, సర్దుకోలేకపోయింది. బస్టాండంతా చూసింది. పరీక్ష రాయకుండానే తిరిగొచ్చింది. ఇక ఎక్కడికీ పోనని తల్లికి చెప్పేసింది. మిషన్ చప్పుడు మాత్రం ఆగలేదు. అదే మా బాపును నిలవనియ్యలేదనుకుంటాను.

ఒకరోజు ఆమె మా ఇంటికి వచ్చింది. మా వాకిట్లో రాతి గద్దె ఒకటి ఉండేది. పీట దాని పక్కన ఆపి, రెండు అరచేతులు గద్దె మీద ఆనించి, ఒక్క ఊపున ఒంటిని పైకి లేపి కూర్చుంది. ఎవరి సాయమూ లేదు. బాపు తాగుతున్న చాయ్ పక్కన పెట్టి చూశాడు. ఆమె వెళ్లిపోయాక ఒక పుల్ల తెచ్చి గద్దె ఎత్తు కొలిచాడు. అదే పుల్లను కారు ముందు సీటు పక్కన నిలబెట్టాడు. సీటు చాలా ఎత్తు. సీటులోని లావుపాటి మెత్త తీసేసి పలచటిది వేశాడు. అయినా ఇంకా నాలుగు వేళ్ల ఎత్తు మిగిలింది.

"ఆ నాలుగు వేళ్లు నువ్వు ఎత్తితే ఒక్క నిమిషం పని గాదా?" అని మా అమ్మ అడిగింది.

"నాకు నిమిషమే. ఆ పిల్లకు గాదు," అన్నాడు బాపు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కారు మరమ్మతు షెడ్డుకు పోయాడు. షెడ్డు నడిపే పెద్దాయనను ఊరంతా ఉస్తాద్ అని పిలిచేవారు. చెరుకు సీజను కావడంతో లారీలు వరసగట్టి ఉన్నాయి. కారును నాలుగు వేళ్లు కిందికి దించాలని బాపు చెబితే ఆయన నమ్మనట్టు చూశాడు. ఎత్తు పెంచమని వచ్చేవాళ్లే తప్ప దించమని ఆయన దగ్గరికి ఎవరూ రాలేదట. సంగతి విన్నాక వంగి కారు కింద భాగమంతా చూశాడు.

"గుంతల తొవ్వల కింద తాకుతది. ఊర్ల కిరాయిలు పోతయి. ఆలోచన చేసినవా?" అన్నాడు చివరికి.

బాపు చేసినానన్నాడు.

ఉస్తాద్ కారు కిందికి దూరి, వెనుక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలలోంచి పక్కకొకటి చొప్పున తీసేశాడు. ముందు వైపు ఏవో బిగింపులు వదులు చేశాడు. కారు కొంచెం కొంచెంగా కిందికి కూర్చుంది. బాపు పుల్ల పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది. పని అయిపోయిందని నేను గంతులేశాను. ఉస్తాద్ మాత్రం చేతులు తుడుచుకుంటూ బాపుకు గట్టిగా చెప్పాడు.

"దించుడు పెద్ద పని గాదు. దించినంక ముందటి చక్రాలు సక్కగుండయి, బండి ఒక దిక్కు గుంజుతది. గవి సరిచేసుడే అసలు పని. ఈ లారీ ఇయ్యాల పోవాలె. రేపు పొద్దుగాల నేనే మీ ఇంటికి వస్త. అందాంక మెల్లగ ఇంటికి కొంచబొయ్యి పెట్టు. మల్ల తియ్యకు."

బాపు నెమ్మదిగా ఇంటికి తెచ్చి పెట్టాడు. సాయంత్రం అక్కను పిలిచి సీటు ఎత్తు సరిపోతుందో లేదో చూద్దామనుకున్నాడు. అంతే, కారు తీయాలన్న ఆలోచన లేదు. నేనే ఆగలేకపోయాను. గల్లీలో ఈ మూల నుంచి ఆ మూల దాకా పరుగెత్తి, పక్కింటి అక్క తనంతట తాను మా కారెక్కబోతోందని కనబడినవాళ్లందరికీ చెప్పాను.

అక్క పీట నెట్టుకుంటూ కారు దగ్గరికి వచ్చేసరికి ఇరవై ముప్పై మంది పోగయ్యారు. ఆమె తల పైకెత్తలేదు. అరచేతులు సీటు అంచున ఆనించి, ఒంటిని పైకి లేపి, తిరిగి లోపల కూర్చుంది. పిల్లలందరం చప్పట్లు కొట్టాం. పెద్దవాళ్లు కూడా కొట్టారు. ఎవరో అయ్యో పాపం అన్నారు. నేను వెనుక సీట్లోకి ఎక్కి ముందుకు వంగి చూస్తే, అక్క ఓణీ కొంగుతో ముఖం కప్పుకుని ఉంది. బాపు అది చూశాడు. తలుపు వేసి, అటు తిరిగి వచ్చి కూర్చుని, కారు స్టార్టు చేశాడు. అంతమంది కళ్ల ముందు నుంచి ఆమెను తప్పించాలన్న ఒక్క తొందరలో ఉస్తాద్ మాట మరిచిపోయాడు.

చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు మీద చెరుకు బండ్లు బారు తీరి ఉన్నాయి. కారు ఎడమకు లాగుతుంటే బాపు కుడికి తిప్పుకుంటూ నడిపాడు. ముందున్న బండి ఎడ్లు ఒక్కసారిగా ఆగి వెనక్కి అడుగులు వేశాయి. బాపు బ్రేకు తొక్కాడు. కారు ఆయన చేతుల్లోంచి గుంజుకున్నట్టు ఎడమకు పోయి, రోడ్డు దిగి, పక్క కాలువలోకి ఒరిగిపోయింది. అక్క నుదురు అద్దం కింది రేకుకు కొట్టుకుని నెత్తురు వచ్చింది. ఆమె వైపు తలుపు మట్టికి ఆనుకుపోయి తెరుచుకోలేదు. నేనూ బాపూ రెండో వైపు నుంచి దూకగలిగాం. ఆమె దూకలేదు. బండ్లవాళ్లు వచ్చి, చంకల కింద చేతులు వేసి, బాపు సీటు మీదుగా ఆమెను బయటికి లాగారు. దేని నుంచి తప్పించాలని ఇదంతా మొదలుపెట్టామో అదే మళ్లీ జరిగింది. ఆమె ఏడవలేదు. రోడ్డు పక్కన చెరుకాకు మీద కూర్చుని, బాపుతో "ఇగ నేను యాడికీ రాను కాకా," అంది.

ఎడ్లు కట్టి కారును బయటికి లాగారు. పెద్దగా ఏమీ విరగలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. జనాన్ని పోగు చేసింది నేనేనని బాపుకు తెలుసు. నేను గల్లీలో అరుచుకుంటూ తిరిగినప్పుడు ఆయన వాకిట్లోనే ఉన్నాడు.

తెల్లవారి ఆయన అక్క వాళ్ల గడప ముందు నిలబడ్డాడు. నేను ఆయన వెనుక దాక్కున్నాను. నా పేరు చెబుతాడని భయపడ్డాను.

"ఉస్తాద్ తియ్యకు అన్నడు బిడ్డా. నేనే తీసిన. తప్పు నాది," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. రమ్మని బతిమిలాడలేదు కూడా.

అంతలో ఉస్తాద్ సైకిల్ మీద వచ్చాడు. సంగతంతా విని బాపును ఒక్క మాటా అనలేదు. కారును అక్క వాళ్ల గడప ముందుకు తెప్పించాడు. వెనుక చక్రం నుంచి ముందు చక్రం దాటేదాకా రెండు పక్కలా దారాలు లాగి కట్టాడు. నేల మీద కూర్చుని, దారానికీ చక్రం అంచుకూ మధ్య స్కేలు పెట్టి, కళ్లు చికిలించాడు.

"కండ్లు ఆనుతలేవు బిడ్డా. జర ఈ గీతలు చదివి చెప్తవా?" అని గడపలో ఉన్న అక్కను అడిగాడు.

ఆమె ఒకసారి కారు వైపు చూసింది. తర్వాత నుదుటికి కట్టిన గుడ్డ సర్దుకుని పీట నెట్టుకుంటూ వచ్చింది. పీట మీద కూర్చుంటే ఆమె కళ్లు సరిగ్గా చక్రం ఎత్తులోనే ఉన్నాయి. మేమంతా వంగి చూడాల్సిన దాన్ని ఆమె మామూలుగా కూర్చుని చూసింది. ఎడమ చక్రం ముందు అంచు దగ్గర ఎన్ని గీతలు, వెనుక అంచు దగ్గర ఎన్ని, చదివి చెప్పింది. రెంటికీ చాలా తేడా ఉంది. చక్రం పక్కకు చూస్తోంది. ఉస్తాద్ కింద పడుకుని రాడ్డు తిప్పేవాడు, ఆమె మళ్లీ చదివేది. ఇటు సరైతే అటు కొంచెం పోయేది. ఎండ నడినెత్తికి వచ్చింది. చాలని బాపు అన్నాడు. ఇంకొక్క గీత తేడా ఉందని అక్క అంది. ఆమె సరే అనేదాకా లేవనని ఉస్తాద్ కారు కింద నుంచే చెప్పాడు.

చివరికి ఆమె సరిపోయిందంది. అప్పుడు ఉస్తాద్ లేచి కూర్చుని, ఖాళీ బండి లెక్క వేరు, మనిషి కూర్చుంటే లెక్క వేరు అన్నాడు. "ఇది నువ్వు కూసునే బండి. నువ్వు కూసున్నంక ఎట్లుంటదో గది సూడాలె."

బాపు మంచినీళ్లు తెస్తానని ఇంట్లోకి పోయాడు. ఉస్తాద్ మళ్లీ కారు కిందికి దూరాడు. నేను మాత్రం అక్కనే చూస్తూ నిలబడ్డాను. కింద నుంచి ఆయన నన్ను పిలిచాడు.

"బిడ్డా, గా ఎనుక గోడ మీద లెక్క రాసిన. ఎంతుందో సదువు."

నేను తిరిగి గోడను చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికాను. గోడ మీద ఏమీ లేదు. సున్నం తప్ప ఒక్క గీత లేదు. లేదని చెప్పబోయి ఆగిపోయాను. నా వెనుక పీట చక్రాల చప్పుడు, గాజుల చప్పుడు, సీటు కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. నిన్న నేను చేసిన పని ఏమిటో ఆ గోడ ముందు నిలబడి ఉండగా నాకు తెలిసింది. తలుపు పడిన చప్పుడు వినేదాకా అటు తిరగలేదు.

తిరిగి చూసేసరికి అక్క సీట్లో కూర్చుని ఉంది. ఉస్తాద్ స్కేలు పెట్టి గీతలు తనే చదువుకుంటున్నాడు. కళ్లు చికిలించలేదు. ఆయన కళ్లకు ఏమీ కాలేదని మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అక్క ముఖం మీద సన్నగా నవ్వు వచ్చి పోయింది.

ఆ మధ్యాహ్నం బాపు ఆమెను ఫ్యాక్టరీ రోడ్డు మీదే తీసుకుపోయాడు. కారు గీత గీసినట్టు పోయింది. కాలువ దగ్గరికి రాగానే ఆమె తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది. దాటాక వదిలేసింది. ఆ వారంలోనే నిజామాబాదు పోయి పరీక్ష రాసింది, పాసయింది. నిజామాబాదు కోర్టు దగ్గర ఒక వకీలు ఆఫీసులో చాలా ఏళ్లు టైపు పని చేసింది. మొదటి ఏడాది పొడుగునా బాపే తీసుకుపోయి తీసుకొచ్చేవాడు. తర్వాత తల్లితో సహా అక్కడికే మారిపోయింది. బాపు ఆ కారు ఎత్తు మళ్లీ పెంచలేదు. ఊళ్ల దారుల్లో నిజంగానే కింద తాకేది. తోటి డ్రైవర్లు నవ్వేవారు. కానీ మోకాళ్ల నొప్పుల ముసలివాళ్లు, నిండు గర్భిణులు ఆ కారే కావాలని అడిగి మరీ ఎక్కేవారు.

ఉస్తాద్ లేడు, బాపు లేడు. అక్క పోయి కూడా నాలుగేళ్లు దాటింది. జనాన్ని పిలిచింది నేనేనని ఆమెకు చెప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నేను పెళ్లయి వెళ్లేముందు చెప్పాను. తెలుసని మాత్రం అంది. నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు నాకూ మెట్లు ఎక్కాలంటే ఆయాసం. బస్సుల్లో, బ్యాంకులో, దవాఖానలో తమంతట తాము లేవాలని తంటాలు పడే మనుషులు కనిపిస్తుంటారు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వెళ్లి నిలబడతాను. అడిగితే ఇస్తాను. అడగకపోతే, ఎదుటి గోడ మీద ఏదో రాసి ఉన్నట్టు అటే చూస్తాను.