మా బావ తలాపున పిస్తోలు

మా బావ హోయ్ట్ ప్రూయిట్ మంచం పక్కన చిన్న బల్ల ఉంటుంది. నలభై ఆరేళ్లుగా దానిమీద అవే వస్తువులు: బైబిలు, కళ్లజోడు, మడత పెట్టిన చేతిరుమాలు మీద ఓ పిస్తోలు. ఈ పదేళ్లలో కొత్తగా చేరింది పళ్లసెట్టు గ్లాసు ఒక్కటే. పిస్తోలు పిడి మంచం వైపు, గొట్టం గోడ వైపు. మా అక్క ఓలెటా ప్రతి శనివారం దుమ్ము తుడిచేటప్పుడు దాన్ని రెండు చేతులతో ఎత్తి, రుమాలు దులిపి, మళ్లీ అదే వాలులో పెట్టేది. అంగుళం జరిగినా బావ పట్టేసేవాడు.

"దీన్ని ఎవరో కదిలించారు," అనేవాడు.

"దెయ్యం కదిలించింది. ఇల్లు కూడా అదే ఊడ్చింది," అనేది అక్క.

మా ఆర్కాన్సా కొండల్లో ఇదేమీ వింత కాదు. షెరీఫు మా వాగు దాకా రావాలంటే ముప్పావుగంట పడుతుంది, అదీ వంతెన మునగకుండా ఉంటే. పిల్లలు వచ్చిన రోజు పిస్తోలు బీరువాలోకి పోయి తాళం పడుతుంది, వాళ్లు వెళ్లగానే బయటికొస్తుంది. కానీ బావ సంగతి వేరు. పెళ్లయిన మొదటి చలికాలం ఆయన దుంగల లారీ తోలుతూ నాలుగు రోజులు ఇంట్లో లేడు. పట్టపగలు ఎవడో వంటింటి తలుపు తన్ని లోపలికొచ్చాడు. అక్క ఇంటి కింద నేలకొట్లో బంగాళాదుంపల బస్తాల వెనక దాక్కుంది. పోయింది ఓ రేడియో, ఓ పంది తొడ. అంతే. కానీ బావ వచ్చేసరికి అక్క ఇంకా ఆ కొట్లోనే ఉంది, చలికీ భయానికీ పళ్లు టకటకలాడుతూ.

ఆ వారమే పిస్తోలు కొన్నాడు. "ఇంక ఈ ఇంట్లో నువ్వు భయపడవు," అన్నాడు. మాటల విషయంలో మా బావంత పిసినారి ఈ జిల్లాలో లేడు. పెళ్లినాటి ప్రమాణమే గొణిగి ఊరుకున్నాడు, పాస్టరుగారు రెండోసారి చెప్పించాల్సి వచ్చింది. అలాంటి మనిషి ఆ ఒక్క మాటకు మాత్రం జీవితమంతా కట్టుబడి ఉన్నాడు. రోజూ భోజనం కాగానే పిస్తోలులో తూటాలుండే చక్రం బయటికి తీసి, ఆరు తూటాలూ చూసుకుని, మూసి, రుమాలు మీద పెట్టేవాడు. జనం తలుపు గడియ చూసుకున్నట్టే.

రెండేళ్ల కిందట మరుపు మొదలైంది. మొదట చెట్ల పేర్లు పోయాయి. అడవిలో పుట్టి అడవిలో పెరిగినవాడు ఓక్ చెట్టు ముందు నిలబడి, "ఒరేయ్ బుడ్డోడా, దీన్నేమంటారూ?" అని నన్ను అడిగాడు. నాకు అరవై మూడేళ్లు, ఆయనకింకా బుడ్డోణ్ణే. ఆ తర్వాత, ఏనాడో మూతపడ్డ కలప కోతమిల్లుకు లారీ వేసుకుని వెళ్లాడు. డాక్టరు ఆ జబ్బుకో పేరు చెప్పాడు. నాకు ఆ పేరంటే ఒళ్లుమంట, ఇక్కడ రాయను.

కిందటి అక్టోబరులో ఓ మధ్యాహ్నం అక్క కాఫీ పట్టుకుని గదిలోకి వెళ్లింది. బావ అప్పుడే కునుకు తీసి లేచాడు. ఆమెకేసి చూశాడు.

"ఎవరు నువ్వు? నా భార్యేది?"

చెయ్యి బల్లమీదికి పోయింది. అక్క కదల్లేదు. "ఓలెటా వంటింట్లో ఉందండీ, పిలుస్తాను," అని మెల్లగా వెనక్కి నడిచి బయటికొచ్చింది. ఏప్రను విప్పి, అయిదు నిమిషాలాగి, మళ్లీ లోపలికెళ్లింది. బావ ప్రాణం లేచొచ్చినట్టు చూసి, "ఎక్కడికి పోయావే? ఎవరో ఆడమనిషి ఇంట్లోకొచ్చింది. నిన్నేం చేసిందోనని హడలిపోయాను," అన్నాడు.

అక్క మర్నాడు పిస్తోలును పిండి డబ్బాలో దాచింది. బావ ఇల్లంతా తిరగేశాడు. దొరక్కపోయేసరికి గొడ్డలి కర్ర ఒళ్లో పెట్టుకుని వంటింటి గుమ్మంలో రెండు రోజులు కూర్చున్నాడు. నిద్ర లేదు, తిండి లేదు. "నిన్నెట్లా కాపాడేదే?" అని ఒకటే మాట. చూడలేక తెచ్చి ఇచ్చేసింది. నూనె వెయ్యడానికి తీశానంది. తర్వాత తూటాలు మాత్రం తీసేసి చూసింది. ఆయన పిస్తోలు ఎత్తగానే, చక్రం తెరవకుండానే, "ఖాళీగా ఉందేంటి?" అన్నాడు. బరువు ఆ చేతికి అంత అలవాటు.

అప్పుడు నా దగ్గరికొచ్చింది. నా షెడ్డులో తూటాలు నేనే నింపుకుంటాను, మా నాన్న నేర్పిన పని.

"ఒరేయ్ వెండెల్, పేలనివి చెయ్యగలవా?" అంది.

"చెయ్యగలను. కానీ అక్కా, బావని మోసం..."

"నాకు చెప్పకు! నలభై ఆరేళ్లలో ఆయనతో ఒక్క అబద్ధమాడలేదు నేను. ఆయన నన్ను కాల్చాడనుకో, నేను పోతాను, పీడా పోతుంది. కానీ ఆ తర్వాత ఆయనకి తెలివొస్తే? ఒక్క నిమిషం తెలివొస్తే? అప్పుడు ఆయన గతేంట్రా?"

ఆమె భయం తన ప్రాణం గురించి కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజే కూర్చుని ఆరు చేశాను. ఇత్తడి గుల్లలో తుపాకిమందుకు బదులు వాగు ఇసుక, పైన మామూలు సీసం, బరువు సరిగ్గా సరి. తూటా అడుగున చిన్న రాగి బొట్టుంటుంది. పిస్తోలు సూది దానిమీద కొడితేనే లోపల మందు అంటుకుంటుంది. ఉత్త తూటాలో కొత్త బొట్టు పెట్టకూడదని, ఆ బొట్టొక్కటి పేలినా ప్రమాదమేనని, ఒకసారి పేలిపోయిన పాత బొట్టునే వదిలెయ్యాలని మా నాన్న నా చెవి మెలిపెట్టి నేర్పాడు. అలాగే వదిలాను. సూది కొట్టిన సొట్ట ప్రతి బొట్టు మీదా ఉంది. ఆయన కళ్లకు అదెక్కడ ఆనుతుందిలే అనుకున్నాను. ఏడాది కిందట దగ్గరుండి ఆయన శుక్లాలు తీయించింది నేనే. ఆ సంగతి మరిచిపోయాను. మరుపు ఆయనకే అనుకుంటాం.

అక్క వాటిని పిస్తోలులో వేసింది. పన్నెండు రోజులు ఏమీ జరగలేదు. పదమూడో రోజు ఉదయం బావ గడ్డిబీడుకు అడ్డంపడి నడుచుకుంటూ నా షెడ్డుకొచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. కళ్లు తేటగా ఉన్నాయి. జేబులోంచి పిస్తోలు తీసి, ఎవరి చేతికిచ్చేటప్పుడైనా మేం చేసేట్టే చక్రం తెరిచి, నాకేసి తిప్పి చూపించి, ఆరు తూటాలూ నా బల్లమీద వరసగా పేర్చాడు. సొట్టలు నావైపు.

"ఇదేం పనిరా? మీ నాన్న చూస్తే తంతాడు," అన్నాడు.

నేను చేతులు గుడ్డకు తుడుచుకున్నాను.

"మీ అక్క అడిగిందా?"

"అడిగింది, బావా."

కిటికీలోంచి తన ఇంటికేసి చూశాడు. అక్క దుప్పట్లు ఆరేస్తోంది. కోప్పడతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"నేను దానిమీదికి చెయ్యెత్తానా?"

"బల్లమీదికి పోయిందిట చెయ్యి. అంతవరకే."

"ఊఁ." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే. ఇవి పనికిరావు. మళ్లీ చెయ్యి."

"బావా, నేను నిజం తూటాలు..."

"నిజంవి ఎవడడిగాడ్రా నిన్ను? ఉత్తవే చెయ్యి. సొట్ట కనపడకుండా చెయ్యి. ఇవాళ నేను పట్టేశాను. నేను నేను కాని రోజు నాలోకొచ్చే ఆ ముసలాడు కూడా వీటిని చూసుకుంటాడు, వాడి కళ్లూ ఇవే. పట్టేశాడంటే మంచి తూటాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటాడు. వాణ్ణి మోసం చెయ్యాలంటే నన్ను మించినవాడు కావాలి. అది నీవల్ల కాదు కానీ, నేను పక్కన కూర్చుంటాను."

అలా కూర్చున్నాడు మా బావ. పాత బొట్లు పీకేసి, రాగి రేకు గుండ్రంగా కత్తిరించి బిగించి, నున్నగా సానపట్టాను. ఆయన ఒక్కోటీ వెలుగులో తిప్పి చూశాడు. రెండింటిని పక్కకు తోసేశాడు. "వంకర. చిన్నపిల్లాడు కూడా పడతాడు." మళ్లీ చేశాను. అంత పరీక్ష నాకు బడిలో కూడా ఎవరూ పెట్టలేదు. మధ్యాహ్నానికి ఆరూ ఆయనకు నచ్చాయి. తనే చక్రంలో వేసుకున్నాడు. ఇంట్లో మిగిలిన మంచి తూటాల పెట్టె కూడా కోటు జేబులోంచి తీసి నాకిచ్చేశాడు.

గుమ్మం దగ్గర ఆగాడు. "దానికి చెప్పకు. ఈ సంగతి నాకు తెలీదనే అనుకోనీ. మీ అక్కెవరో నాకు గుర్తు రాకుండా పోయిన రోజు చెప్పు. అప్పుడు దానికి ఈ మాట కావాల్సొస్తుంది."

ఫిబ్రవరిలో ఆ రోజు వచ్చింది. అంతకుముందు గుర్తు పోయినా గంటకో పూటకో తిరిగొచ్చేది. ఈసారి వారం గడిచినా రాలేదు. అక్క బీన్స్ కుండ ముందు నిలబడి, కలపడం మరిచిపోయి, "ఆఖరిరోజుల్లో ఆయన్ని మోసం చేస్తూ సాగనంపుతున్నాన్రా," అంది. అప్పుడు చెప్పాను. షెడ్డులో కూర్చోవడం, రెండింటిని తోసెయ్యడం, ఆ పెట్టె ఇచ్చెయ్యడం, అన్నీ చెప్పాను. అక్క గరిటె కింద పెట్టి, ఏప్రనుతో మొహం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. తర్వాత ఆమె మొహం కడుక్కుని గదిలోకి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

బావ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెయ్యి పిస్తోలు మీదికి పోలేదు గానీ, బల్ల అంచు మీద ఉంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు.

అక్క వెళ్లి మంచం మీద, ఆయన పక్కనే కూర్చుంది.

"మీరు కాపలా కాస్తున్నది నాకేనండీ," అంది.

బావ బల్ల అంచు మీంచి చెయ్యి తీశాడు. తర్వాత ఆమెకు చోటిచ్చి కొంచెం పక్కకు జరిగాడు.

"అయితే ఇక్కడే ఉండండి," అన్నాడు. "ఈ ఇంట్లో మీకేం భయం లేదు."