బాలిక-4 పేరు

దెయ్యాలూ గాలులూ అంటే నాకు నమ్మకం లేదు. కరెంటు పోతే మా వీధిలో ఆడవాళ్లు తోడు పిలిచేది నన్నే. ఇంటర్‌తో చదువు ఆపేసి, రాజమండ్రిలో ఒక లా కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపులో టైపింగ్ పనికి చేరి ఐదేళ్లయింది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కొట్టడమే తప్ప సొంతంగా ఒక్క అక్షరం వేసే అలవాటు నాకు లేదు.

హారికగారు ఆ కాలేజీలో నేరశాస్త్రం, బాలనేరస్తుల చట్టం చదివేవారు. ప్రాజెక్టు కోసం అనుమతి తీసుకుని, కేసుల్లో ఇరుక్కున్న ఆడపిల్లల్ని ఉంచే హోమ్‌కి వెళ్లారు. ఆరుగురితో మాట్లాడి అంతా చేత్తో తెలుగులో రాసుకొచ్చారు. పేర్లు ఎక్కడా లేవు. బాలిక-1, బాలిక-2, అలా ఉంది. ఊరు కూడా "మెట్టలో ఒక గ్రామం" అనే. అలాంటి పిల్లల పేరు బయటపెడితే శిక్ష ఉంటుందని ఆవిడే నాకు చెప్పారు.

నేను ఊరుకోను కదా. "పేర్లు లేకపోతే కథ ఎలా నడుస్తుందండి?" అన్నాను.

"కథ కాదు తల్లీ, ప్రాజెక్టు. నువ్వు ముందు వత్తులు సరిగ్గా పెట్టు" అన్నారు.

మూడు రోజులు కొట్టాను. ఇవ్వాల్సిన రోజు మధ్యాహ్నం మూడు కాపీలు తీసి స్పైరల్ బైండింగ్ కూడా చేసేశాను. నాలుగింటికల్లా కాలేజీలో అందాలి. ఆవిడ బల్ల దగ్గర నిలబడి పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయారు.

"ఈ పేరు నీకెవరు చెప్పారు?"

వెళ్లి చూశాను. బాలిక-4 అని ఉండాల్సిన చోట ఒక ఆడపిల్ల పేరు ఉంది, ఇంటిపేరుతో సహా.

"నేను కొట్టలేదండి" అన్నాను. మరి ఇంకెవరు కొడతారు?

"ఆ పిల్ల మీ చుట్టాలా? నిజం చెప్పు, ఏమీ అనను."

తెలీదని ఒట్టేశాను. ఆవిడ భయం డిగ్రీ గురించి కాదట. ఆ పిల్ల హోమ్ నుంచి బయటికొచ్చి, తన సంగతి ఎవరికీ తెలియని ఊళ్లో పదో తరగతిలో చేరిందట. ఒక కాపీ కాలేజీ లైబ్రరీలో పెడతారు. తెలిసినవాళ్లు ఒక్కరు చదివినా ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

చేత్తో రాసిన కాగితం తీశాం. అందులో బాలిక-4 అనే ఉంది. అసలు పేరు ఆవిడ ఎక్కడా రాసుకోలేదు, ఫోన్లో కూడా. మా షాపులో తెలుగు సాఫ్ట్‌వేర్ పాతది, మాటల్ని దానంతటది పూర్తి చెయ్యదు. వత్తులతో కలిపి ఆ పేరుకి పద్నాలుగుసార్లు కీలు నొక్కాలి, చెయ్యి జారితే పడేది కాదు. నా సిస్టమ్ మీద ఇంకెవరూ కూర్చోరు. ఫైలంతా వెతికాం. ఆ ఒక్కచోటే ఉంది.

సరిచేసి, మూడు కాపీల్లోనూ ఆ పేజీ మార్చి మళ్లీ బైండింగ్ చేశాను. తీసేసిన కాగితాల్ని ఆవిడే ముక్కలు చేసి బ్యాగులో వేసుకున్నారు. పది నిమిషాలు ఉందనగా రోడ్డు దాటారు.

రెండు వారాల తర్వాత వైవా బాగా అయిందని జామకాయలు తెచ్చారు. అప్పుడు చెప్పారు. రాసుకుంటున్నప్పుడు ఆ పిల్ల తొంగిచూసి "నా పేరేదండి ఇందులో?" అని అడిగిందట. రాయకూడదమ్మా, నీ మంచికే అంటే, "అందరూ నా మంచికే అంటారండి. పోనీ ఒక్కసారి రాయండి, చూసుకున్నాక చెరిపేద్దురుగాని" అందట. హారికగారు నవ్వేసి పేజీ తిప్పేశారట.

"రాసి చెరిపేస్తే ఏం పోయేదమ్మా నాకు" అన్నారు. జామకాయ చేతిలో అలాగే ఉంది.

ఆ పిల్ల బాగానే చదువుకుంటోందని ఆవిడ కనుక్కున్నారు కూడా. కాబట్టి దెయ్యం అనడానికీ లేదు. ఎలా పడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఇక్కడ కూడా ఆ పేరు రాయడం లేదు.

కొట్టినట్టు నాకు గుర్తు లేదు. ఒక్కో అక్షరం తీసేసినట్టు మాత్రం బాగా గుర్తుంది. చివరి అక్షరం దగ్గర నా వేలు కాసేపు ఆగింది.