ఓదెలు నోట ఫిట్

గోదావరిఖని బస్టాండు దగ్గర ఓదెలు రోజూ డ్యూటీకి ముందు చాయ్ తాగుతాడు. చాయ్ కుదిరితే ‘ఫిట్’ అంటాడు. సైకిల్ బ్రేకు, లుంగీ ముడి, పక్కింటి పెళ్లి సంబంధం, నచ్చినవన్నీ అతనికి ఫిట్టే. బొగ్గు దుమ్ము మింగిన ఛాతీ మాత్రం మెట్లెక్కితే ఈల వేస్తుంది. డాక్టర్లు అన్‌ఫిట్ అంటే గని ఉద్యోగం కొడుకు జైపాల్‌కు వస్తుంది. రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి నిన్నటి పరీక్షే ఆఖరిది.

“ఏమన్నరు?” గడపలోనే అడిగింది భార్య సమ్మవ్వ.

“ఫిట్ అన్నరు. గాళ్ల ముందర దగ్గే రాలేదు.”

“ఇంట్లనైతే పక్కోళ్లను గూడ పండనియ్యవు,” అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. జైపాల్ టీవీ ఆపేశాడు.

ఈ పొద్దున చాయ్ పోసినతను అలవాటుగా అడిగాడు. “ఎట్లున్నది ఓదెలన్నా?”

ఓదెలు గ్లాసు కింద పెట్టి కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు.

“మంచిగున్నది,” అని డ్యూటీకి లేచాడు.