మంత్రపు మంట మీద బిందెడు నీళ్లు

కిందటి ఎండాకాలం కాలేజీ సెలవులకు కంబదూరులోని మా ఇంటికి వచ్చాను. మా పెదనాన్న కూతురు వాణి అక్క బెంగళూరు నుంచి ఒక ఆట తెచ్చింది. అందులో మనం ఒక కథలోని మనుషులమైపోతాం. ఏం చేస్తున్నామో నోటితో చెప్పి పాచికలు వేస్తాం. నేను మంత్రగత్తెను. నా అగ్నిమంత్రం పరిధిలో ఎవరున్నా, శత్రువులతో పాటు మనవాళ్లూ కాలిపోతారు.

గుహలో రాక్షసులు చుట్టుముట్టగానే మంత్రం వేశాను. పాచికల్లో పెద్ద అంకెలు పడ్డాయి. మంటల్లో అక్క కూడా చిక్కుకుంది.

"అయ్యో, అక్క కాలిపోతాండాది!" అని గట్టిగా అరిచాను.

అంతే, పక్కింటి ఓబులమ్మత్త బిందెతో పరుగెత్తుకొచ్చింది. "యాడ పాపా మంట?" అంటూనే నీళ్లన్నీ అక్క మీద కుమ్మరించింది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఇది ఆట అత్తా" అని గొణిగాను.

ఆమె అక్క చేతులు, మెడ తడిమి చూసింది. "ఆటైతే ఏమప్పా? ఒళ్లు కాల్లేదు, అంతే సాలు" అంటూ గడపలో కూలబడింది.

నీళ్ల ట్యాంకరు రాకపోవడంతో ఆమె ఇంట్లో తాగడానికి మిగిలినవి ఆ నీళ్లే. మా కుండలోంచి సగం ఆమెకు పోసిచ్చాం. కానీ క్షణం కూడా ఆలోచించకుండా ఉన్నదంతా పోసేసే మనిషి మా గోడకు అవతలే ఉందని ఆ రోజే తెలిసింది. అది మా అదృష్టం.